గైర్హాజరు పట్టా

నాగావళి విశ్వవిద్యాలయంలో ఉపకులపతి విశ్వంభరరావు గారు సదస్సుకి బయల్దేరుతున్నారంటే అందరికీ గుండెల్లో రాయి పడేది. వెళ్ళినందుకు కాదు, తిరిగొస్తారు కాబట్టి. ఒకసారి వెళ్ళొచ్చి గోడలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేయించారు. ఆ రంగు చూస్తే చదివింది మర్చిపోరట. ఇంకోసారి వెళ్ళొచ్చి అధ్యాపకులందర్నీ రోజూ పొద్దున్న తొమ్మిదింటికి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఈసారి బెంగుళూరులో మూడు రోజుల సదస్సు. ఆయన తిరిగొచ్చిన నాలుగో రోజున సోషియాలజీ శాఖాధిపతి చింతాడ మాణిక్యాంబ బల్ల మీదికి ఒక సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త శాఖాధిపతులకు తెలియజేయడమేమనగా, పట్టా పొందిన మూడవ సంవత్సరమున విద్యార్థి ఆర్జించు వార్షికాదాయమును, సదరు పట్టా నిమిత్తము చేసిన అప్పుచే భాగించగా వచ్చు అంకె ఆ పట్టా యొక్క తూకముగా పరిగణింపబడును. తూకము ఒకటికి తగ్గిన పట్టాలు నిరర్థకములుగా భావింపబడి ముప్పది దినములలో మూసివేయబడును."

కింద జాబితా. జాబితాలో ఒకటే పేరు. సోషియాలజీ, తూకం 0.31.

మాణిక్యాంబ ఆ శాఖలో ఇరవై ఏడేళ్ళుగా పాఠం చెబుతోంది. ఒకప్పుడు ఎనిమిది మంది అధ్యాపకులుండేవారు. ఒకరి తర్వాత ఒకరు రిటైరయ్యారు, వాళ్ళ ఖాళీలు మాత్రం ఏళ్ళు గడిచినా రిటైర్ కాలేదు. ఇప్పుడు శాఖంటే ఆమె, ఎం.ఏ. ఆఖరి ఏడాదిలో ఉన్న పన్నెండుమంది విద్యార్థులు, అప్పలసూరి అనే అటెండరు. ఆమె కాగితం రెండుసార్లు చదివి, మడిచి, రిజిస్ట్రార్ పరాంకుశం గదికి నడిచింది.

పరాంకుశం చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళ మధ్య ఉండి ఉండి ఆయన మాట కూడా ఫైలులాగే తయారైంది.

"ఈ అంకె ఎలా వచ్చింది సార్?" అని అడిగింది మాణిక్యాంబ.

"శాస్త్రీయంగా వచ్చిందమ్మా. ముందుగా మీ శాఖనే కొలిచాం. మీ పూర్వ విద్యార్థులు పన్నెండు మందికి కార్యాలయం నుంచి ఫోన్లు చేయించాం. ఏడుగురు ఎత్తలేదు. ఎత్తనివారి ఆదాయం సున్నగా నమోదు చేశాం."

"ఎత్తకపోతే సున్నా?"

"ఆదాయం ఉన్నవాడు ఫోనెత్తడానికి భయపడడు గదా. ఒకామె ఎత్తింది, గృహిణి. అదీ సున్నా. ఒకతను ఎత్తి బాగున్నాను సార్ అన్నాడు. బాగుండటానికి మన ఫారంలో గడి లేదు. సున్నా వేశాం. మిగిలిన ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి. వాళ్ళ జీతాల్ని పన్నెండు మందికీ పంచాం."

ఆమెకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఆమె విద్యార్థులు మొదటి సెమిస్టర్లోనే ఇలాంటి సర్వే చేసి తెస్తే వెనక్కి పంపేసేది.

శాఖకి తిరిగొచ్చేసరికి సూరాడ నీలవేణి గుమ్మంలో నిలబడి ఉంది. ఎం.ఏ. రెండో సంవత్సరం పిల్ల. సముద్రం ఒడ్డున ఊరు. తల్లి పోలమ్మ ఎండు చేపల వ్యాపారం చేసుకుంటుంది. నీలవేణి చేతిలో బ్యాంకు ఉత్తరం ఉంది. ఆమె చదువుతున్న కోర్సు తక్కువ తూకం జాబితాలో ఉన్నందువల్ల ఆఖరి వాయిదా డబ్బు నిలిపివేశామనీ, ఇంతకుముందు ఇచ్చిన లక్షా నలభై వేలకి తల్లి హామీని మరొక్కసారి పరిశీలిస్తున్నామనీ దాని సారాంశం.

"సర్క్యులర్ మనకి ఇయ్యాలే వచ్చింది గదా మేడమ్, బ్యాంకోళ్ళకి నిన్ననే ఎలా తెలిసిపోనాది?"

"మంచి వార్తలు కావు గదమ్మా, నడిచి రావడానికి."

నీలవేణి ఉత్తరం మడుస్తూ అడిగింది. "మేడమ్, ఒక మాట. నిజంగానే దీనికి విలువ లేదేటి?"

ఇరవై ఏడేళ్ళలో ఆ ప్రశ్న చాలామంది అడిగారు. ఇంటికొచ్చిన చుట్టాలడిగారు, ఆస్తిపన్ను వసూలుకొచ్చినతను అడిగాడు. వాళ్ళకి చెప్పే సమాధానం ఒకటి ఆమె దగ్గర తయారుగా ఉంది. లక్షా నలభై వేల అప్పున్న పిల్ల మొహం చూసి ఆ సమాధానం చెప్పడానికి నోరు రాలేదు.

"కొలిచి చూద్దాం," అంది చివరికి. "సరిగ్గా కొలిస్తే ఎంతొస్తుందో చూసి, అప్పుడు మాట్లాడుకుందాం."

మర్నాడు ఆమె ఉపకులపతినే కలిసింది. సర్వే మా విద్యార్థుల చేత ఉచితంగా చేయిస్తానంది. ఉచితం అనగానే విశ్వంభరరావు గారు కుర్చీలో ముందుకి జరిగారు.

"అన్ని శాఖలకీ చెయ్యండి మేడమ్. సమగ్రంగా ఉండాలి."

"అలాగే సార్. అయితే పోలికకి ఇంకో వర్గం కూడా కావాలి. అదే ఊళ్ళలో, అవే ఇళ్ళలో, అసలు యూనివర్సిటీలో చేరనివాళ్ళు. వాళ్ళు లేకపోతే మనవాళ్ళకి చదువు వల్ల ఏం ఒరిగిందో తెలీదు."

"పోలిక వర్గం!" అన్నారాయన కళ్ళు సగం మూసి, లడ్డూ నోట్లో వేసుకున్నట్టు. "సదస్సులో కూడా ఎవరూ ఈ మాట అనలేదు."

పన్నెండుమంది పిల్లలూ మూడు వారాలు ఊళ్ళు తిరిగారు. ఫోనెత్తని ఏడుగురి ఇళ్ళకీ వెళ్ళారు. ఒకతను గ్రామ సచివాలయంలో ఉన్నాడు, పగలు ఫోనెత్తితే పై అధికారి అరుస్తాడు. ఒకామె అంగన్‌వాడీ సూపర్‌వైజరు. బాగున్నానన్నతను జైలు నుంచి విడుదలైన వాళ్ళకి పనులు చూపించే సంస్థలో పనిచేస్తున్నాడు, నెలకి పద్నాలుగు వేలు. నిజంగానే బాగున్నాడు.

పోలిక వర్గం కోసం నీలవేణి తన ఊరికే వెళ్ళింది. మాణిక్యాంబ కూడా వెంట వెళ్ళింది. ఇసకలో పరిచిన వలల మీద చేపలు తిరగేస్తున్న పోలమ్మ దగ్గరికి కూతురు ఫారం పట్టుకుని వెళ్ళి, పరాయిదానిలా అడిగింది. "మీ చదువుకోసం ఎంత అప్పు చేశారు?"

"ఓలమ్మ! నానేటి సదివినానే, అప్పు సెయ్యడానికి?"

"అయితే సున్నా రాస్తాను."

"సున్నా ఏటి? నీ సదువుకి లచ్చా నలబై ఏలు బ్యాంకులో సంతకం పెట్టింది ఎవులు? వడ్డీ మీద ఇంకో ముప్పై ఏలు తెచ్చింది ఎవులు? రాయి!"

నీలవేణి ఫారం తిప్పి చూసింది. చదివినవాళ్ళ అప్పుకి గడి ఉంది. చదవనివాళ్ళ అప్పుకి గడి లేదు. చదివించిన అప్పుకి అసలే లేదు. మేడమ్ వైపు చూసింది.

"పక్కన ఖాళీలో రాయమ్మా," అంది మాణిక్యాంబ. ఆ రోజు పోలమ్మ పెట్టిన నెత్తళ్ళ కూర తిని ఇద్దరూ ఆఖరి బస్సుకి తిరిగొచ్చారు. దారి పొడుగునా ఆ ఖాళీ గురించే ఆలోచిస్తూ కూర్చుంది మాణిక్యాంబ.

ఫలితాలు అకడమిక్ కౌన్సిల్ ముందుకి వచ్చాయి. సోషియాలజీ తూకం 0.91. ఒకటికి తక్కువే గానీ, మిగతావి చూశాక అందరూ మంచినీళ్ళు తాగారు. ఇంజనీరింగు 0.68, జీతాలున్నాయి గానీ అప్పులు అంతకన్నా ఉన్నాయి. ఫిజిక్స్ 0.55. ఉపకులపతి గారి సొంత సబ్జెక్టు వాణిజ్యశాస్త్రం 0.49.

"ఇక ఈ చివరి వరసలో ఏముంది?" అన్నారు విశ్వంభరరావు గారు తొందరగా.

"అది పోలిక వర్గం సార్, చేరనివాళ్ళు," అన్నాడు పరాంకుశం. "వారి అప్పు సున్న. భాగిస్తే కంప్యూటరు 'సాధ్యం కాదు' అని చూపిస్తోంది."

"అంటే?"

పరాంకుశం కళ్ళజోడు సర్దుకున్నాడు. "సాధ్యం కానంత ఎక్కువ అని తాత్పర్యం సార్."

గణితశాస్త్రం ఆచార్యులు లేచి నిలబడి ఏదో చెప్పబోయారు. కానీ గణితం తూకం 0.44 కావడంతో, ఒకటికి తగ్గినవారికి ప్రసంగించే అర్హత ఉందా లేదా అన్న నియమం తేలేదాకా ఆయన్ని కూర్చోమన్నారు.

"అనంతం!" అన్నారు ఉపకులపతి. "దేశంలో ఏ విశ్వవిద్యాలయానికైనా అనంతమైన తూకం గల పట్టా ఉందా? మనకుంది! ఇన్నాళ్ళూ మనం గేటు బయట వృథాగా వదిలేశాం."

అలా ఆ సాయంత్రానికల్లా గైర్హాజరు పట్టా పుట్టింది. విశ్వవిద్యాలయంలో చేరకుండా ఉండటంలో మూడేళ్ళ పట్టా. కనీసం డెబ్భై అయిదు శాతం రోజులు గైర్హాజరు కావడం తప్పనిసరి. ప్రవేశ పరీక్ష పెడతారు, వచ్చి రాసినవాళ్ళు తప్పినట్టు.

రుసుముల జాబితా పరాంకుశం చదివాడు. చేరకుండుట రుసుము నలభై ఎనిమిది వేలు. గ్రంథాలయమును ముట్టకుండుట రుసుము పన్నెండు వేలు. తరగతి గదిని వాడకపోవుటచే దానికి పట్టు బూజు నిమిత్తము ఆరు వేలు. ఇలాంటివే మరో పది ఉన్నాయి, అన్నీ కలిపి మూడేళ్ళకి లక్షా అరవై వేలు.

మాణిక్యాంబ లేచింది. "సార్, రుసుము పెడితే పిల్లలు అప్పు చేస్తారు. అప్పు చేస్తే అది సున్నా కాదు. సున్నా కాకపోతే ఈ అనంతం ఉండదు."

"అది మూడేళ్ళ తర్వాతి అంశమమ్మా," అన్నాడు పరాంకుశం మర్యాదగా. "మినిట్స్‌లో నమోదు చేస్తాను."

"ఫారాల పక్కన ఖాళీల్లో రాసినవి కూడా చదవండి సార్. అప్పంతా అక్కడే ఉంది."

"ఖాళీలు కార్యాలయ వినియోగార్థమమ్మా," అన్నాడాయన. అంతటితో ఆ విషయం ముగిసింది.

అయితే ఒక మేలు జరిగింది. పిల్లలు నిజంగా రావడం లేదని ఇంటింటికీ వెళ్ళి ధ్రువీకరించేవాళ్ళు కావాలి. ఆ పని తెలిసినవాళ్ళు సోషియాలజీ వాళ్ళే. కాబట్టి ఆ శాఖని కొలిచే శాఖగా ప్రకటించి, తూకం నుంచి మినహాయించారు. కొత్త ప్రవేశాలు మాత్రం ఆపేశారు. మినహాయింపు ఉత్తర్వు చూపించగానే బ్యాంకు నీలవేణి ఆఖరి వాయిదా విడుదల చేసింది. మిగతా శాఖలకి ఒక్కొక్కటిగా తాళాలు పడ్డాయి. వాణిజ్యశాస్త్రానికి తాళం వేసినప్పుడు ఉపకులపతి గారు స్వయంగా ఫొటో దిగారు.

గైర్హాజరు పట్టాకి జనం విరగబడ్డారు. తల్లిదండ్రులు క్యూలు కట్టి, పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి వచ్చి, దరఖాస్తులు కొన్నారు. మొదటి ర్యాంకు వచ్చినావిడకి పరీక్ష ఉన్న సంగతే తెలీదు, ఆవిడ మేనమామ దరఖాస్తు పెట్టాడట. బ్యాంకులవాళ్ళు గేటు దగ్గర గొడుగులు పాతి రుణమేళా పెట్టారు. పరాంకుశం తన కూతురు హిమజని కూడా చేర్పించాడు. పెద్ద కాలేజీలో సీటొచ్చిన పిల్లని మాన్పించి మరీ.

నీలవేణి ఇల్లిల్లూ తిరిగి గైర్హాజరు రిజిస్టరులో సంతకాలు తీసుకునేది. మొదటి నెల పిల్లలు సంతోషంగా పెట్టారు. రెండో నెల ఆవులిస్తూ పెట్టారు. మూడో నెల ఒకమ్మాయి రిజిస్టరు తిరిగివ్వకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. "అక్కా, నువ్వేం చదువుతున్నావు?" అంది.

"సోషియాలజీ."

"అంటే ఏముంటుంది అందులో?"

నీలవేణి గుమ్మంలోనే కూర్చుంది. మీ వీధిలో బోరింగు దగ్గర ఎవరు ముందు నీళ్ళు పట్టుకుంటారు, ఎవరు ఆఖర్న పడతారు, అలా అని ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పకుండా అందరికీ ఎలా తెలుసు అని మొదలుపెట్టింది. అరగంట మాట్లాడింది. లేచి వెళ్ళబోతుంటే ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "మీ క్లాసు ఎన్నింటికి?"

మర్నాడు పదకొండింటికి క్యాంటీన్ వెనకాల గోడ దూకి ముగ్గురొచ్చారు. వారం తిరిగేసరికి పదిహేను మంది. దసరా సెలవులు వెళ్ళేసరికి నలభై రెండు. రోజూ వచ్చి పాఠం వింటే గైర్హాజరు తగ్గి పట్టా పోతుంది, జరిమానా కూడా పడుతుంది. అయినా వచ్చారు. ఇరవై ఏడేళ్ళలో మాణిక్యాంబ అంతమందిని ఒక గదిలో చూడలేదు. హాజరు పిలిచే అలవాటు ఆమెకి నోటి దాకా వచ్చి ఆగిపోయేది. పేర్లడిగితే వాళ్ళకి ప్రమాదం. అందుకని మొహాలు గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంది.

సంగతి దాగలేదు. గైర్హాజరు విద్యార్థులు అక్రమంగా విద్యనభ్యసిస్తున్నారని ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. హాజరు నేరాల నిరోధక దళం ఏర్పడింది. దళమంటే పరాంకుశం, చేతిలో చీటీ పుస్తకం, వెనకాల అప్పలసూరి. జరిమానా తలకి పదివేలు.

ఒక బుధవారం పదకొండున్నరకి తలుపు తెరుచుకుంది. మాణిక్యాంబ బోర్డు మీద ఏదో రాస్తూ ఆగింది. నలభై ఒక్క తలలు వంగిపోయాయి. భయంతో వంగనిది ఒకటే, రెండో వరసలో, నోట్సు రాసుకుంటున్న హిమజది. రాస్తున్న వాక్యం పూర్తిచేసి, తలెత్తి తండ్రిని చూసింది.

పరాంకుశం చెయ్యి చీటీ పుస్తకం మీదే ఉండిపోయింది.

"ఇక్కడెందుకున్నావు?" అన్నాడు. ఫైలు గొంతు కాదది, మామూలు గొంతు.

"ఇంట్లో ఏముంది నాన్నా? మూణ్ణెల్లు నువ్వు చెప్పినట్టే ఉన్నాను. గోడలు చూశాను, ఫోను చూశాను. పక్కింటి పిన్నిగారు రోజూ అడుగుతారు, ఏం చదువుతున్నావమ్మా అని. ఏం చెప్పమంటావు?"

"నీ మీద లక్షా అరవై వేలు పెట్టాను."

"అందుకే వచ్చాను. పెట్టినదానికి ఏదో ఒకటి తెలుసుకుందామని."

మాణిక్యాంబ చాక్‌పీసు బల్ల మీద పెట్టింది. "సార్, రాసేదేదో రాయండి. మొదటి చీటీ నా పేరు మీద రాయండి. పాఠం చెప్పింది నేనే."

పరాంకుశం చీటీ పుస్తకం తెరిచాడు. తర్వాత పెన్ను తీసి చీటీ మీద రాశాడు. రాసింది పైకి చదివాడు. "తనిఖీ చేయగా, గదిలో విద్యార్థులెవరూ లేరని తేలినది."

"అదేటి బాబూ," అన్నాడు అప్పలసూరి, "గది నిండా ఉన్నారు గదా!"

"నీకు కనబడుతున్నారా?"

"కనబడతన్నారండి."

"అయితే సాక్షి సంతకం నువ్వు పెట్టాలి. విచారణకి నువ్వు రావాలి. నలభై రెండు మంది నీ కళ్ళ ముందే గోడ దూకుతుంటే ఎందుకు పట్టుకోలేదో సంజాయిషీ నువ్వివ్వాలి."

అప్పలసూరి గదంతా మరోసారి కలియజూశాడు. "ఎవులూ లేరండి. ఎండకి కళ్ళు బైర్లు కమ్మినట్టున్నాయి."

పరాంకుశం బయటికి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఆ గోడ ఎత్తుగా ఉంటుంది. క్యాంటీన్ వెనక చిన్న గేటుంది. తాళం వేయించటం నేను మర్చిపోతూ ఉంటాను."

ఏప్రిల్లో నీలవేణి ఎం.ఏ. పూర్తిచేసింది. మత్స్యకార స్త్రీల సహకార సంఘంలో ఉద్యోగం వచ్చింది, పదహారు వేలు. అందులో మూడు వేల ఒక వంద బ్యాంకుకి పోతుంది. మొదటి జీతంలో తల్లి వడ్డీ అప్పుకి రెండు వేలు కట్టింది. విలువ ఉందా లేదా అని మేడమ్‌ని మళ్ళీ అడగలేదు. శనివారాలు సెలవు పెట్టుకుని వచ్చి, గోడ దూకి వచ్చిన పిల్లలకి పాఠాలు చెబుతోంది.

మేలో సాంవత్సరిక తూకం జరిగింది. పాత బ్యాచ్ వెళ్ళిపోయింది. కొత్త ప్రవేశాలు లేవు. కాబట్టి సోషియాలజీ రికార్డుల్లో విద్యార్థులు సున్న, విద్యార్థుల అప్పు సున్న. మినహాయింపు సంగతి మర్చిపోయి గుమాస్తా ఎవరో ఆ అంకె కూడా కంప్యూటర్లో వేశాడు. కంప్యూటరు 'సాధ్యం కాదు' అంది.

ఉపకులపతి గారికి ఆనందం పట్టలేదు. ఢిల్లీ నుంచి ఒక సంస్థని పిలిపించి, ఒక్క విద్యార్థి కూడా లేకుండా అనంతమైన తూకం సాధించిన దేశంలోనే మొట్టమొదటి శాఖగా సోషియాలజీకి పురస్కారం ఏర్పాటు చేయించారు. వేదిక, పూలు, శాలువా, ఇత్తడి ఫలకం అన్నీ సిద్ధం చేశారు.

"ఖాళీ తరగతి గదే రేపటి విద్యకు పునాది," అని విశ్వంభరరావు గారు నలభై నిమిషాలు మాట్లాడి, మాణిక్యాంబకి శాలువా కప్పారు. "మేడమ్, ఈ శుభ సందర్భంలో మీ సందేశం?"

మాణిక్యాంబ మైకు ముందుకి వచ్చింది. చేతి గడియారం చూసుకుంది.

"ఆ ఫలకం తొందరగా ఇచ్చెయ్యండి సార్," అంది. "పదకొండింటికి క్లాసుంది."

ఉపకులపతి గారు పడీపడీ నవ్వారు. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఆ చప్పట్లు ఆగేలోపే ఆమె మెట్లు దిగి, శాలువా చంకలో పెట్టుకుని, క్యాంటీన్ వైపు గబగబా నడిచింది.